రాళ్లకట్ట దాటాక దించే జెండా

హార్బరు వార్తలు రాయడానికి కొత్తగా వచ్చిన పిల్లలు ఇప్పటికీ నాకు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. బయట లంగరు వేసిన ఓడ మీద ఫలానా రంగు జెండా కనబడుతోంది, దానర్థం ఏమిటండీ అని అడుగుతారు. చెబుతాను. అది పెద్ద విద్య కాదు. నాలుగు రోజులు రేవులో తిరిగితే ఎవరికైనా వస్తుంది. నాకు చాలా ఆలస్యంగా వచ్చింది ఇంకొకటి. జెండా లేని ఉత్త కర్రను చూసినప్పుడు ఏమనుకోవాలి అన్నది. అది తెలిసేసరికి నూకరాజు అనే ఖలాసీ సముద్రంలో పడి చనిపోయాడు. అతను డ్యూటీలో ఉండి చనిపోయాడా, షికారుకు పోయి చనిపోయాడా అన్న ప్రశ్న ఆ ఉత్త కర్ర దగ్గరకే వచ్చి ఆగిపోయింది. అతను ఇంకా పర్మినెంటు కాలేదు, అందుకని డ్యూటీలో అని తేలితేనే అతని భార్యకు ఉద్యోగం. తేలకపోతే ఏమీ లేదు.

నేను ఎప్పుడు చేరాను, ఎప్పుడు ఏ హోదా వచ్చింది అన్నవి ఇక్కడ రాయను. వాటితో ఎవరికీ పని లేదు. ఆ లాంచీ ఏ శాఖదో కూడా రాయను. సముద్రంతో పని ఉన్న ప్రభుత్వ శాఖలు మన రేవులో చాలా ఉన్నాయి, వాటిలో ఒకటి అనుకోండి. మనుషుల పేర్లు మార్చాను.

ఎర్రగుడ్డ

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి పోర్టులో క్రేను నడపడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అందుకని ఓడల సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసనుకునేవాణ్ని. మా న్యూస్ ఎడిటరు చలపతి గారు మొదటి వారంలోనే ఆ భ్రమ పోగొట్టారు. ఆయనది భీమిలి. ఊరంతా పరిచయమే. మనిషి మంచివాడే, నోరు మాత్రం ఆగదు.

ఒకసారి ఉక్కు కార్మికుల ఊరేగింపు జరిగింది. ఊరంతా ఎర్రజెండాలే. అదే రోజు మా ఫొటోగ్రాఫరు ఆయిల్ జెట్టీ దగ్గర ఒక ట్యాంకరును ఫొటో తీశాడు. దాని మీద కూడా ఎర్రజెండా ఎగురుతోంది. డెస్కులో ఒకాయన సంబరపడి కింద రాశాడు: ‘సముద్రం మీదా సంఘీభావం’. పేజీ వెళ్లేముందు అది చలపతి గారి కంట పడింది.

“ఏటయ్యా, ఎర్రగుడ్డ కనపడితే సాలు యూనియన్ అనుకుంతారేటి?” అన్నారు. “అది పెట్రోలు దింపుతన్న ఓడ. దగ్గరికి రాకండర్రా, అంటుకుంతాది అని సెప్తంది. నువ్వేమో దాని సేతికి మైకు ఇచ్చీసినావు!”

ఆఫీసంతా నవ్వింది. ఆ తర్వాత ఆయన నన్ను కూర్చోబెట్టి జెండాలు ఒక్కొక్కటీ చెప్పారు. నేవీది తెలుపు. మామూలు వర్తక ఓడది ఎరుపు. కోస్ట్ గార్డుదీ, మిగతా సర్కారు శాఖల లాంచీలదీ నీలం, దాని మీద ఎవరి గుర్తు వారిది. అన్నిటికీ పై మూలలో మువ్వన్నెల జెండా ఉంటుంది. ఓడను లోపలికి తెచ్చే పైలట్ ఎక్కితే తెలుపూ ఎరుపూ చెరిసగం ఉన్న జెండా. పసుపు జెండా చూసి జనం ఓడలో రోగం ఉందనుకుంటారు. నిజానికి అది ‘మా ఓడలో అందరూ బాగున్నారు, రేవులోకి రానివ్వండి’ అని అడగడం.

“జెండా అబద్ధం సెప్పదు,” అన్నారు చలపతి గారు. నేను చాలా ఏళ్లు ఈ మాట నమ్మాను. కొత్తవాళ్లకు కూడా చెప్పాను.

గాలి కొరికే గుడ్డ

ఆ నమ్మకానికి మొదటి దెబ్బ లాంచీల మీద తిరగడం మొదలుపెట్టాక తగిలింది. కొత్తగా వచ్చిన పిల్లలూ, మీరూ తిరగండి. ఆఫీసరు గదిలో ఏసీ కింద కూర్చుంటే వచ్చే వార్త ఆఫీసరుకు కావలసిన వార్త. లాంచీ మీద ఎక్కువ భాగం వార్తే ఉండదు, వాంతులుంటాయి. అయినా వెళ్లాలి.

నేను ఎక్కువగా వెళ్లింది సింహాచలం అనే సరంగు నడిపే లాంచీలో. నల్లగా, పొట్టిగా, చుట్ట ఆరిపోయినా నోట్లోంచి తియ్యని మనిషి. ఇంజన్ దగ్గర ఒక డ్రైవరు, పైన పనులకు నూకరాజు. నూకరాజుది తగరపువలస పక్కన పల్లె. ఇంటిదగ్గర వరి, మొక్కజొన్న వేసే కుటుంబం. ఈత కూడా సర్కారు ఉద్యోగం వచ్చాకే నేర్చుకున్నానని తనే చెప్పి నవ్వేవాడు.

మొదటి రోజు జెట్టీ నుంచి బయల్దేరుతుంటే వెనక కర్ర మీద నీలం జెండా రెపరెపలాడుతోంది. ఛానెల్ గుండా వచ్చి, డాల్ఫిన్ నోస్ కొండ పక్కగా సాగి, రేవు ముఖాన అలలను ఆపే రాళ్లకట్ట దాటాం. దాటగానే సింహాచలం వెనక్కి తిరగకుండానే “ఒరే” అన్నాడు. నూకరాజు వెళ్లి జెండా దించి, నీళ్లు దులిపి, మడిచి, సరంగు నిలబడే చక్రం గదిలో ఉన్న చెక్కపెట్టెలో పెట్టాడు. తిరిగొస్తూ రాళ్లకట్ట దగ్గర మళ్లీ కట్టాడు. జెట్టీకి చేరేసరికి జెండా ఎప్పటిలా ఎగురుతోంది.

నాకు అర్థం కాలేదు. సముద్రంలోకి వెళ్లాకే కదా ఎవరి పడవో తెలియాలి, అక్కడే దించేస్తే ఎలా అని అడిగాను.

“గాలికేటి తెలుస్తాది బావా, అది సర్కారు గుడ్డని?” అన్నాడు సింహాచలం. “బయట గాలి కొరికేత్తాది. కొత్త జెండా కావాలంటే పాతది సూపెట్టాలి. సూపెడితే ఏటంటారో తెలుసా? ‘ఏటయ్యా సింహాచలం, అప్పుడే సింపీసినావు, లుంగీ కట్టుకున్నావేటి’ అంటారు. ఆ మాటలు పడీకంటే దించుకోడమే నయం.”

“జెండాకి సముద్రం పడదండీ పేపరు గారూ,” అన్నాడు నూకరాజు. “ఆఫీసరు గోరిలాగే. జెట్టీ మీద బావుంతాది, బయటికి ఒస్తే జొరం ఒచ్చెస్తాది.”

సింహాచలం ఒక్కడి అలవాటు కాదది. నేను ఎక్కిన ప్రతి శాఖ లాంచీలోనూ చూశాను. రాళ్లకట్ట దాకా జెండా, దాటితే పెట్టె. పై అధికారి లాంచీలో ఉంటే మాత్రం ఎంత గాలికైనా దించరు. అంటే సర్కారు పడవ నిజంగా పని చేసేచోట జెండా ఉండదు, చూసేవాళ్లు ఉన్నచోట ఉంటుంది. అందరికీ తెలుసు. ఎవరూ ఎక్కడా అనరు. నేనూ రాయలేదు. రాస్తే వార్తే అవుతుంది గానీ, ఎవరి కడుపు కొట్టడానికి?

వాళ్లందరిలో జెండాను నూకరాజు చూసుకున్నట్టు ఎవరూ చూసుకోలేదు. అంచు దారం విడిస్తే సూది తెచ్చి తనే కుట్టేవాడు. ఉప్పు పట్టిందని మంచినీళ్లలో జాడించి నీడలో ఆరేసేవాడు. పక్క లాంచీవాళ్లు ఏడిపించేవారు. “ఏరా నూకా, నీ పెళ్లాం సీర కూడా ఇంత బాగా ఉతకవంట కదా!” అంటే, “జెండాకి పై ఆఫీసరు నాను కానర్రా, జెండాయే నాకు,” అనేవాడు.

హెచ్చరిక ఉన్న రోజు

ఆ రోజు వాయుగుండం ఉంది. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. చిన్న పడవలు బయటికి పోకూడదు. ఫిషింగ్ హార్బరులో మరబోట్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కట్టేసి ఉన్నాయి. మా ఫొటోగ్రాఫరు అలల ఫొటోల కోసం ఒడ్డున తిరుగుతున్నాడు. సాయంత్రం వెలుతురు తగ్గుతుండగా ఒక సర్కారు లాంచీ అలల మీద పడుతూ లేస్తూ లోపలికి వస్తుంటే తీశాడు. ఫొటో చాలా బాగుంది. ముక్కు ఆకాశంలోకి లేచిన లాంచీ, వెనక కర్ర ఖాళీగా.

ఆ ఫొటో కింద వ్యాఖ్య చలపతి గారు స్వయంగా రాశారు: ‘పనికెళ్లిందో, సరదాకెళ్లిందో! జెండా కూడా లేకుండా తిరిగొస్తున్న సర్కారు లాంచీ.’ ఆయనకు ఇలాంటి చమక్కులు ఇష్టం. పాఠకులకూ ఇష్టమే. పేజీ వెళ్లిపోయాక తెలిసింది, అది సింహాచలం లాంచీ అనీ, అందులోంచి నూకరాజు సముద్రంలో పడిపోయాడనీ.

తర్వాత సింహాచలం చెప్పింది ఇదీ. బయట లంగరు వేసిన ఓడ చుట్టూ ఏదో పడవ తచ్చాడుతోందట, పోయి చూసి రమ్మని ఆఫీసరు వైర్‌లెస్‌లో చెప్పాడు. హెచ్చరిక ఉంది సార్ అంటే, “నువ్వేమైనా కొత్త పెళ్లికొడుకువా, వెళ్లు,” అన్నాడు. వెళ్లారు. రాళ్లకట్ట దాటగానే అలవాటు ప్రకారం సరంగు “ఒరే” అన్నాడు. నూకరాజు జెండా దించాడు. కానీ లాంచీ ఒరిగిపోతోంది, చక్రం గది దాకా రావాలంటే రెండు చేతులతో కమ్మీ పట్టుకోవాలి. అందుకని జెండాను చొక్కా లోపల నడుముకు చుట్టుకుని, చేతులు ఖాళీ చేసుకుని వచ్చాడు. తచ్చాడే పడవ ఏదీ కనబడలేదు. వెనక్కి తిరిగారు. దారిలో వెనక వైపు తాడు వదులై కొట్టుకుంటుంటే కట్టడానికి వెళ్లాడు. ఒక అల వచ్చింది. అది పోయాక చూస్తే వెనక ఎవరూ లేరు. వెలుతురు తగ్గేదాకా వెతికి, ఉత్త కర్రతోనే వెనక్కి వచ్చారు, జెండా అతని నడుముకే ఉండిపోయింది.

శవం రుషికొండ అవతల ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

విచారణ మొదలుకాగానే ఆఫీసరు ఒకే మాట మీద నిలబడ్డాడు. “హెచ్చరిక ఉండగా నేనెందుకు పంపుతాను? చేపలకు పోయారు.” వైర్‌లెస్‌లో అన్న మాట ఎక్కడా మిగలదు. ఇంజన్ దగ్గరున్న డ్రైవరు, ఆ రొదలో నాకేమీ వినబడలేదన్నాడు. అది నిజమే కావచ్చు, నిజం కాకనూ పోవచ్చు. ఇక మిగిలింది మా పేపరు. దాన్ని ఆఫీసరు తనే తెచ్చి ఇచ్చాడు. సర్కారు పని మీద వెళ్లిన లాంచీకి జెండా ఉండాలి కదా, ఇదిగో లేదు. సరదా అన్న మాట నాది కాదు, పేపరువాళ్లది, అన్నాడు.

చలపతి గారికి ఈ సంగతి చెప్పాను. చాలాసేపు కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. “ఒక్క మాటకి ఎంత బరువుంతాదో సూడు,” అన్నారు. ఆ తర్వాత ఆయన ఫొటోల కింద చమక్కులు రాయగా నేను చూడలేదు. పిల్లలకు నేను చెప్పేది ఇదే. ఫొటోలో కనబడేది రాయండి. కనబడనిదాన్ని ఊహించాలనిపిస్తే, ముందు ఆ ఊహ ఎవరి మెడకు చుట్టుకుంటుందో చూడండి.

పైడమ్మ తెచ్చిన మూట

కొన్ని రోజులకు నూకరాజు భార్య పైడమ్మ మా ఆఫీసుకు వచ్చింది. తగరపువలస బస్సులో ఆర్టీసీ కాంప్లెక్సుకు వచ్చి, ద్వారకా నగర్ సందుల్లో దారి అడుగుతూ మా మెట్లెక్కింది. పక్కన ఎవరూ లేరు. ప్లాస్టిక్ సంచిలోంచి ఒక గుడ్డ తీసి బల్ల మీద పెట్టింది. నీలం జెండా. ఉతికి, సాపు చేసి, మడతపెట్టి ఉంది. పై మూలలో మూడు రంగులు, మధ్యలో శాఖ గుర్తు.

“పోలీసోలు బట్టలు మూట కట్టి ఇచ్చినారు బాబూ. ఇప్పి సూత్తే ఇది ఉంది. నడుంకి సుట్టుకున్నాడంట. నానెరుగుదును, ఇది ఆయన జెండాయే. ఇంటికాడ దీని గురించే సెప్పీవోడు.” ఆగి, “ఆయన సేపలకి పోయినాడంతన్నారు. సేపలకి పోయీవోడు జెండా సుట్టుకెల్తాడేటి?” అంది.

ఇంతకంటే ఏం కావాలి అనిపించింది నాకు. జెండా లాంచీలో ఉంది. బయల్దేరినప్పుడు కట్టారు. రాళ్లకట్ట దాటాక, రేవులో అందరూ చేసినట్టే, దించారు. గుడ్డను తీసుకుని చలపతి గారి గదిలోకి వెళ్లాను.

ఆయన దాన్ని ముట్టుకోకుండా చూశారు. “నడుంకి సుట్టుకున్నాడని రాత్తావా?”

“రాయాలి కదండీ. అదే కదా రుజువు.”

“ఇందులో జాతీయ జెండా ఉంది. నడుంకి సుట్టుకోడం నేరం. సట్టం ఉంది. రేపు ఎవడో ఒకడు పెద్ద దేశభక్తుడు కేసెడతాడు. ఎవుడి మీద? సచ్చినోడి మీద. ఆమె కాడ ఉన్న ఒక్క రుజువూ ఆడి మీదే నేరం మోపుతాది.”

నాకది తట్టలేదు. ఆ గుడ్డ వాళ్లకు రెండు వైపులా పదునున్న కత్తి. చివరికి ఒక దారి అనుకున్నాం. నడుము సంగతి వదిలేసి, రేవులో ఉన్న అలవాటు గురించి రాద్దాం. సర్కారు లాంచీలు రాళ్లకట్ట దాటాక జెండా దించుతాయి, గుడ్డ చిరిగితే వచ్చే చీవాట్లకు భయపడి. ఉత్త కర్ర ఉన్నంత మాత్రాన డ్యూటీలో లేనట్టు కాదు. ఇదే వార్త. వెంటనే రాశాను, మర్నాడే వేశారు. మొదటి పేజీలో.

నా ఉద్యోగంలో అంత బాగా కుదిరిన వార్తలు కొన్నే. అంత చెడ్డ ఫలితమిచ్చింది అదొక్కటే.

అన్ని కర్రలకూ జెండాలు

వార్త వచ్చిన రోజు మధ్యాహ్నమే అన్ని శాఖల నుంచీ ఆదేశాలు వచ్చాయి. సముద్రంలో ఎక్కడున్నా జెండా దించకూడదు. దించితే సరంగుదే బాధ్యత. మర్నాడు నేను ఫిషింగ్ హార్బరు గోడ మీద నిలబడి చూశాను. వెళ్లే లాంచీ, వచ్చే లాంచీ, దూరంగా చుక్కలా ఉన్న లాంచీ, అన్నిటి మీదా జెండాలు. ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడని దృశ్యం.

విచారణ అధికారి బయటి ఊరి నుంచి వచ్చినవాడు. పక్షపాతి అని అనను. పేపరులో వచ్చింది నిజమో కాదో చూద్దామని తనే ఒక లాంచీ ఎక్కి బయటికి వెళ్లొచ్చాడు. జెండాలన్నీ ఎగురుతున్నాయి. సరంగులను ఒక్కొక్కరినీ పిలిచి, మీరు జెండా దించుతారా అని అడిగాడు. “అబ్బే, ఎప్పుడూ లేదండీ,” అన్నారు అందరూ. వాళ్లను తప్పుపట్టను. దించాం అంటే శిక్ష. పిల్లల ఫీజులు, ఇంటి అద్దెలు అందరికీ ఉన్నాయి.

ఒక అలవాటు గురించి రాస్తే అది ఆ రోజే మాయమవుతుందని నాకూ తట్టలేదు, చలపతి గారికీ తట్టలేదు. ముందు విచారణలో నలుగురి చేత చెప్పించి, తర్వాత అచ్చు వెయ్యాలి. పేపరు మనిషికి ఈ వరస ఎక్కదు. మనకు ముందు అచ్చే కనబడుతుంది. మీకు ఎక్కితే నాకు సంతోషం.

ఇక మిగిలినవాడు సింహాచలం. జెట్టీ బయట టీ బడ్డీ దగ్గర కలిశాను. చుట్ట ఆరిపోయి ఉంది.

“అందరూ లేదన్నారట,” అన్నాను.

“అనరా మరి? నానైనా అదే అందును.”

“అంటావా?”

అతను చేతిలో టీ గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. “రిటైరయ్యే ముందు ఇదేటి బావా నాకు. దించినామంటే నా కొంప కూలుతాది. దించలేదంటే ఆడు సేపలకి పోయినాడని అయిపోతాది.” గ్లాసు కింద పెట్టాడు. “ఒరే అన్నది నాను. ఆడు నా మాట మీద దించినాడు. నా మాట మీదే నడుంకి సుట్టుకున్నాడు, సేతులు కాళీ సేసుకోరా అన్నాను. రేపు ఆ పైడమ్మ ఎదురుపడితే మొకం ఎక్కడ ఎట్టుకుందును?”

మర్నాడు విచారణలో ఉన్నదంతా చెప్పాడు. వైర్‌లెస్ మాట, “ఒరే” అన్నది, నడుముకు చుట్టుకోమన్నది. బయటికి వచ్చి నాకు చెప్పాడు. మొత్తం విన్నాక అధికారి అడిగింది ఒకే ప్రశ్నట.

“అంటే లాంచీ మీద జెండా లేదని నువ్వే ఒప్పుకుంటున్నావు?”

“దించినాం సార్.”

“లేదా, ఉందా?”

“...లేదు సార్.”

అంతే రాసుకున్నారు. విచారణ ముగింపులో తేల్చినవి మూడు. లాంచీ మీద జెండా లేదు, సరంగే ఒప్పుకున్నాడు, కాబట్టి డ్యూటీలో ఉన్నట్టు ఆధారం లేదు. సరంగు నిర్లక్ష్యానికి సస్పెన్షన్. చనిపోయిన ఖలాసీ జెండా పట్ల అమర్యాదగా ప్రవర్తించాడు. ఈ చివరి మాట నేను పైడమ్మకు చెప్పలేదు. ఉద్యోగం రాదని మాత్రం చెప్పాను. అప్పీలు చేయించాం. అది అలాగే పడి ఉంది. సింహాచలం సస్పెన్షన్‌లో ఉండగానే రిటైరయ్యాడు. దండ లేదు, ఫొటో లేదు. ఆ ఆఫీసరు వేరే రేవుకు బదిలీ అయ్యాడు. మామూలు బదిలీయే.

స్టోరు గది

ఇంకో సంగతి ఉంది. పాత జెండా జమ చెయ్యనిదే స్టోరువాళ్లు కొత్తది ఇవ్వరు. జెండా లేనిదే లాంచీ కదలకూడదు. ఆ లాంచీ అలాగే కట్టేసి ఉంది. కాబట్టి ఒక ప్యూను తగరపువలస దగ్గర పల్లెకు వెళ్లి, నీ దగ్గర సర్కారు సొత్తు ఉంది, తెచ్చి ఇమ్మని పైడమ్మకు చెప్పాడు. ఆమె నాకు ఫోన్ చేసింది. కాంప్లెక్సు దగ్గర కలిసి ఆటోలో వెళ్లాం. దారంతా సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

స్టోరు కీపరు పెద్ద వయసు మనిషి, మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు. జెండా విప్పి వెలుతురుకు పట్టి చూశాడు. అంచులు చూశాడు. ఒకచోట నూకరాజు వేసిన కుట్టు మీద వేలు రాశాడు.

“చిరగలేదమ్మా. చాలా బాగుంది. దీన్ని జమ చెయ్యడం ఎందుకు, తిరిగి లాంచీకే ఇచ్చేస్తాను.”

“ఇది ఆ లాంచీదేనా బాబూ?”

“దానిదేనమ్మా. ఇదిగో, మా స్టోరు గుర్తు.”

“డ్యూటీ జెండాయేనా?”

“అవునమ్మా.”

“మరి ఇది డ్యూటీలో ఉంతే, ఇది కట్టుకున్నోడు డ్యూటీలో లేడంటారేటి?”

 ఆయన జెండాను మళ్లీ మడిచాడు.  చాలామంది పెద్దవాళ్లను చాలా ప్రశ్నలు అడిగి బతికినవాణ్ని. అంత సూటి ప్రశ్న నేను ఒక్కటీ అడగలేదు.

మర్నాడే ఆ జెండాతో లాంచీ కదిలింది. కొత్త సరంగు, కొత్త ఖలాసీ. రాళ్లకట్ట దాటినా దించడం లేదు. ఎవరూ “ఒరే” అనడం లేదు.

వర్షాకాలం గడిచాక ఒకరోజు ఫిషింగ్ హార్బరుకు వెళ్లాను. అప్పటికి నేనూ రిటైరయ్యాను, పని లేక వెళ్లడమే. ఐసు గది దగ్గర చేపలు ఏరే ఆడవాళ్లలో పైడమ్మ కనబడింది. పల్లెలో కూలి దొరక్క ఇక్కడికి వస్తోందట, పొద్దున్నే మొదటి బస్సుకు. చేతులు నీళ్లకు తెల్లగా పాలిపోయాయి. అప్పీలు ఏమైంది బాబూ అని అడిగింది. ఏమీ కాలేదని చెప్పాను. ఆశ్చర్యపోలేదు.

మాట్లాడుతుండగా ఆ లాంచీ ఛానెల్లోకి వచ్చింది. ఇద్దరం చూశాం. వెనక కర్రకు జెండా ఉంది. ఉంది అనాలి, అంతే. గాలి చివరి నుంచి కొరుక్కుంటూ వచ్చి శాఖ గుర్తును తినేసింది. మూడు రంగుల మూల ఒక్కటే మిగిలి, దాని పక్కన నీలం పీలికలు నాలుగైదు కొట్టుకుంటున్నాయి.

పైడమ్మ లాంచీ కనుమరుగయ్యేదాకా చూసింది.

“ఆయనుంతే అలగ సిరగనిచ్చీవోడేటి బాబూ?” అని, గంప ఎత్తుకుని ఐసు గదిలోకి వెళ్లిపోయింది.